"ఐ యామ్ ఇరిటేటింగ్": పడు–పెట్టు సాయంతో సరిచేసిన ఒక కేసు

హన్మకొండ నయీంనగర్‌లో కమ్యూనికేషన్ ఇంగ్లిష్ నేర్పడం నా వృత్తి. డిగ్రీ అయిపోయి చాట్ సపోర్ట్, ఈమెయిల్ సపోర్ట్, బ్యాక్ ఆఫీస్ ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లలే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో కంపెనీలు తెరుచుకున్నాక, హైదరాబాద్ పోకుండా ఇక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చన్న ఆశ పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఇళ్ళల్లో కూడా పుట్టింది. ఈ కేసు అట్లాంటి ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు, ఊరు మాత్రం రాయడం లేదు. బళ్ళలో ఇంగ్లిష్ చెప్పే టీచర్లకు, నాలాగా శిక్షణ ఇచ్చేవాళ్ళకు ఉపయోగపడాలని కాస్త వివరంగానే రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంగ్లిష్ మీడియం, బీకామ్. టైపింగ్ చురుగ్గా చేస్తుంది. కాలాలు, ప్రశ్నలు వేయడం, లెటర్ ఫార్మాట్ అన్నీ బాగానే వచ్చు. ఒక కంపెనీలో చాట్ సపోర్ట్ ఉద్యోగానికి రాత పరీక్ష రాస్తే అందులోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో అక్కడ ఎవరూ చెప్పలేదు. "గ్రామర్ తప్పులు పెద్దగ లేవు మేడం, అయినా తీసుకోలే" అన్నది.

పరీక్షలో ఇచ్చిన సందర్భం ఇది. కస్టమర్‌కు రావాల్సిన పార్సిల్ వేరే అడ్రసుకు పోయింది, డబ్బులు వాపసు రాలేదు, ఆయన కోపంగా మెయిల్ పెట్టాడు. జవాబు రాయాలి. తను ఏం రాసిందో గుర్తున్నంత వరకు మళ్ళీ రాయమన్నాను. మొదటి మూడు వాక్యాలు ఇట్లా ఉన్నాయి:

"ఐ అండర్‌స్టాండ్ యూ ఆర్ వెరీ ఇరిటేటింగ్. వీ ఆర్ ఆల్సో ఇరిటేటింగ్ ఫర్ దిస్ డిలే. ప్లీజ్ డోంట్ గెట్ యాంగర్ ఆన్ అజ్."

ఆమె మనసులో ఉన్నది ఓదార్పు. మీకు చిరాకుగా ఉందని నాకు తెలుసు, మాకూ బాధగానే ఉంది అని చెప్పాలనుకుంది. చదివే కస్టమర్‌కు చేరేది వేరు: "మీరు జనాన్ని బాగా విసిగించే మనిషని నాకు అర్థమైంది." అసలే మండిపోతున్న మనిషికి ఈ జవాబు పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కంపెనీవాళ్ళు ఆ వాక్యం దగ్గరే కాగితం పక్కన పెట్టి ఉంటారని నా అంచనా.

తొందరలో జారిన మాటా, లోపల కుదురుకున్న అలవాటా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. అందుకని రాత పక్కన పెట్టి మాట్లాడించాను. పొద్దున్న బస్సు ఎట్లా దొరికింది, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కాలేజీలో నచ్చని సబ్జెక్టు ఏది అని అడుగుతూ పోయాను. బస్సు లేటు గురించి చెప్తూ "ఐ యామ్ ఇరిటేటింగ్" అన్నది. స్టాటిస్టిక్స్ క్లాసు గురించి "ఐ యామ్ బోరింగ్" అన్నది. జీఎస్టీ రిటర్నుల గురించి "ఐ యామ్ కన్ఫ్యూజింగ్" అన్నది. ఒక్కసారి కూడా తప్పు మారలేదు, అంటే ఇది జారుడు కాదు, అలవాటే.

అయితే అదే నోటి నుంచి "ఐ యామ్ టైర్డ్" ఎప్పుడూ సరిగ్గానే వచ్చింది. ఒక్కసారి కూడా "ఐ యామ్ టైరింగ్" అనలేదు. నాకు దారి దొరికింది ఇక్కడే. మాట చివర వచ్చే ఈడీ (-ed), ఐఎన్‌జీ (-ing) తేడా తెలియని మనిషైతే అన్నింట్లోనూ తడబడాలి కదా. కొన్ని మాటల దగ్గర మాత్రమే తడబడుతోందంటే, ఆ మాటలు ఆమె నోట్లోకి వచ్చిన తోవ వేరై ఉండాలి.

ఇంగ్లిష్ వదిలేసి, అదే సంగతి ఇంట్లో అమ్మతో ఎట్లా చెప్తావో చెప్పమన్నాను.

"పొద్దుగాల్నుంచి నాకు ఇరిటేటింగ్‌గా ఉన్నదే అమ్మా."

"క్లాసు గురించి?"

"నాకు బోరింగ్‌గా ఉన్నది."

"అలిసిపోతే?"

"టైర్డ్ అయిపోయిన."

కారణం ఆమె తెలుగులోనే దొరికింది. ఇరిటేటింగ్, బోరింగ్, కన్ఫ్యూజింగ్ అనే మాటలు ఇంగ్లిష్ పాఠంలో కంటే ముందే తెలుగు మాటలుగా ఆమెకు వచ్చేశాయి. మనందరికీ అట్లాగే వచ్చాయి. తెలుగు వాక్యంలో అవి తప్పు కూడా కాదు. "నాకు ఇరిటేటింగ్‌గా ఉంది" అన్నప్పుడు చిరాకు ఎవరిదో "నాకు" చెప్తుంది, ఇరిటేటింగ్ అనే మాట చుట్టూ ఉన్న పరిస్థితిని చెప్తుంది. వాక్యం నిండుగా ఉంది. ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడే తేడా కొడుతుంది. "నాకు" పోయి ఆ చోట్లోకి "ఐ" వస్తుంది, ఇరిటేటింగ్ మాత్రం కదలకుండా ఉన్నచోటే ఉంటుంది. చిరాకు అనుభవించిన మనిషి ఒక్క అడుగులో చిరాకు తెప్పించే మనిషైపోతుంది. టైర్డ్ అనే మాట ఈడీ రూపంలోనే తెలుగులోకి వచ్చింది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

"డోంట్ గెట్ యాంగర్ ఆన్ అజ్" కూడా ఇదే కుదురు. మనకు కోపం వస్తుంది, మనం కోపం "అవ్వం". కోపం నామవాచకం. అది మన మీదికి నడిచి వస్తుంది. ఇంగ్లిష్‌లో మనిషే యాంగ్రీ అవుతాడు.

బళ్ళో చెప్పిన సూత్రం ఎందుకు పనిచెయ్యలేదు

ఆమెకు సూత్రం తెలుసు. "మనుషులకు ఈడీ, వస్తువులకు ఐఎన్‌జీ" అని గడగడా అప్పజెప్పింది. మా వైపు గైడ్లలో, కోచింగ్ నోట్సుల్లో ఈ సూత్రమే తిరుగుతోంది. పరీక్షలో ఖాళీలు నింపడానికి అది చాలు. మాట్లాడేటప్పుడు రెండు వైపులా కూలిపోతుంది.

"మా తమ్ముడు ఊకె సతాయిస్తడు మేడం, హీ ఈజ్ ఇరిటేటెడ్" అన్నది ఆమె. సూత్రం ప్రకారం తమ్ముడు మనిషి కాబట్టి ఈడీ పెట్టింది. కానీ చిరాకు పుట్టించేది తమ్ముడే, ఇరిటేటింగ్ అనాల్సింది అక్కడే. సూత్రాన్ని పాటించబట్టే తప్పు వచ్చింది.

రెండోవైపు ఉదాహరణకు వాళ్ళ ఇల్లే పనికొచ్చింది. వాళ్ళ బాపు మిర్చి పండిస్తాడు. పంట ఏనుమాముల మార్కెట్‌కే వస్తుంది. యార్డులో బస్తాల మధ్య నిలబడితే కళ్ళకు ఏమవుతుందని అడిగాను. "చపాటా దగ్గరైతే ఏం గాదు మేడం, తేజ బస్తా ఇప్పితే మాత్రం కండ్లు మండుతయ్" అన్నది. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. తేజకు ఘాటే ప్రాణం. ఆ దుమ్ము ఇరిటేటింగ్, మండిన కళ్ళు ఇరిటేటెడ్. డాక్టర్లు కూడా ఒరుసుకుపోయిన చర్మాన్ని ఇరిటేటెడ్ స్కిన్ అనే రాస్తారు. కన్ను మనిషి కాదు, చర్మం మనిషి కాదు, అయినా ఈడీ పడింది. మనిషా వస్తువా అన్న ప్రశ్నే ఇక్కడ పొరపాటు. అడగాల్సింది బాధ ఎటు నుంచి ఎటు పోతోందని.

చేసిన పని

ఈ దిక్కు చూపించడానికి కొత్త సూత్రం కనిపెట్టాల్సిన పని లేదు. తెలుగు దీన్ని ఎప్పటి నుంచో చక్కగా వేరు చేసి పెట్టింది. భయపడు, భయపెట్టు. బాధపడు, బాధపెట్టు. ఇబ్బంది పడు, ఇబ్బంది పెట్టు. చిరాకు పడు, చిరాకు పెట్టు. మూడేళ్ళ పిల్ల కూడా "భయపెట్టకు" అనాల్సిన చోట "భయపడకు" అనదు. ఆ పట్టు ఆమెకు పుట్టుకతో ఉంది. దాన్ని ఇంగ్లిష్ మాట పక్కన నిలబెట్టడమే నా పని.

నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో గీత గీయించాను. ఎడమ వైపు పెట్టే, కుడి వైపు పడ్డ. చిరాకు పెట్టే బస్సు, చిరాకు పడ్డ నేను. భయపెట్టే కుక్క, భయపడ్డ పిల్లగాడు. ఇబ్బంది పెట్టే ప్రశ్న, ఇబ్బంది పడ్డ పెళ్ళికొడుకు. నిండా తెలుగే రాయించాను, ఇంగ్లిష్ అక్షరం ఒక్కటి రానివ్వలేదు. పేజీ నిండాక ఎడమ వరుస మీద ఐఎన్‌జీ అనీ, కుడి వరుస మీద ఈడీ అనీ రాసి చూపించాను. కాసేపు పేజీ వంక చూసి, "అంటే ఇది మనకు ముందే ఉన్నదా మేడం!" అన్నది. ఉన్నది. పెట్టే, పడ్డ అనేవి ఇంగ్లిష్‌వాళ్ళ ఐఎన్‌జీ, ఈడీ విశేషణాలు చేసే పనినే అదే తీరులో చేస్తాయి, నామవాచకానికి ముందు నిలబడి మరీ.

తర్వాత అదే బస్సు సంగతి మళ్ళీ తీశాను.

"చిరాకు పెట్టింది ఏంది?"

"బస్సు. కాదు... బస్సు లేటు."

"పడ్డది?"

"నేను."

"ఇప్పుడు చెప్పు."

"ద డిలే వాజ్ ఇరిటేటింగ్. ఐ వాజ్ ఇరిటేటెడ్."

ఆ మధ్యలో "కాదు" అని ఆగి దిద్దుకోవడం చూశారా, సూత్రం అప్పజెప్పే పిల్ల అట్లా ఆగదు. అర్థాన్ని వెతుక్కునే పిల్లే ఆగుతుంది.

"పడు" రాని వాక్యాలూ ఉంటాయి. "నాకు విసుగొచ్చింది", "కస్టమర్‌కు మండింది", "కండ్లకు మంట" లాంటివి. వాటికి రెండో గుర్తు చెప్పాను: "కు" ఎవరికి తగిలిందో వాళ్ళకే ఈడీ. నాకు, ఆయనకు, కస్టమర్‌కు, కళ్ళకు. తమ్ముడికి "కు" లేదు, విసుగు అక్కకు వచ్చింది. మిర్చి దుమ్ముకు లేదు, మంట కళ్ళకు వచ్చింది. గైడు సూత్రం కూలిన రెండు చోట్లా ఇది నిలబడింది.

ఒక్కచోట ఇది కూడా చాలదు. యాన్ ఇరిటేటెడ్ వాయిస్, యాన్ ఎనాయ్డ్ లుక్ అంటారు. గొంతుకు చిరాకు రాదు, చూపుకూ రాదు. ఆ గొంతు, ఆ చూపు ఎవరివో ఆ మనిషికి వచ్చిన చిరాకు వాటిలో కనిపిస్తుంది. ఇట్లాంటివి గొంతు, చూపు, ముఖం, జవాబు అని కొన్నే కాబట్టి విడిగా గుర్తుపెట్టుకోమన్నాను. ఇరిటబుల్ అనే ఇంకో మాట కూడా దగ్గర్లోనే తిరుగుతుంది. అది ఊరికే చిరాకు పడే స్వభావాన్నో, ఆ పూట ఉన్న మనఃస్థితినో చెప్తుంది. నిద్ర చాలని పసిపిల్ల ఇరిటబుల్.

"నాకు" గురించి చిన్న ముచ్చట

పాఠం మధ్యలో ఆమెకు చెప్పిన ఒక సంగతి ఇక్కడ కూడా రాయాలనిపించింది, ఎందుకంటే తెలుగులో ఆలోచించడం వల్లే ఇంగ్లిష్ పాడవుతోందని పిల్లలు సిగ్గుపడుతుంటారు. ఇంగ్లిష్‌లో చిరాకుకు అన్నిటికంటే మామూలు మాట ఎనాయ్. అది పాత ఫ్రెంచి నుంచి 13వ శతాబ్దంలో వచ్చింది. దాని వేరు లాటిన్‌లోని "మిహి ఇన్ ఒడియో ఎస్త్" అనే వాడుకలో ఉంది. ఒడియో అంటే ద్వేషం, మిహి అంటే సాక్షాత్తు మన "నాకు". ఇంగ్లిష్‌కు కూడా ఒకప్పుడు ఈ నడక ఉండేది. పాత నాటకాల్లో కనిపించే మీథింక్స్ అనే మాటకు "నాకు అనిపిస్తోంది" అన్నదే అర్థం. "ఐ" అన్నింటినీ మింగేయడం ఆ భాషలో తర్వాత జరిగిన సంగతి. కాబట్టి ఆమె వాక్యం వెనక ఉన్న ఆలోచనలో నామోషీ ఏమీ లేదు. చిరాకు బయటి నుంచి మనిషికి వస్తుందని లాటిన్‌వాళ్ళూ అనుకున్నారు, పరకాల దగ్గరి అమ్మాయీ అనుకుంది.

మీద, తో

రెండో చిక్కు చిన్నది, త్వరగానే విడిపోయింది. "నా మీద కోపం" అనే మన అలవాటు వల్ల యాంగ్రీ ఆన్ మీ, ఎనాయ్డ్ ఆన్ మీ అని వస్తుంది. మనిషి మీద చిరాకైతే ఎనాయ్డ్ విత్. విషయం మీదైతే ఎనాయ్డ్ ఎట్ లేదా ఎబౌట్. "ఫలానాది చూసి చిరాకు పడ్డాడు" అనాలంటే ఎనాయ్డ్ టు ఫైండ్. ఆన్ మాత్రం ఎక్కడా రాదు.

మాటల బరువు గురించి మాత్రం కొంచెం ఎక్కువసేపే కూర్చున్నాం, ఎందుకంటే ఆమెకు అన్నింటికీ ఇరిటేటింగ్ ఒక్కటే మాట. తెలుగులో అడిగితే చిరాకు, విసుగు, పరేషాన్, గుస్స, యాష్ట అని చకచకా చెప్పింది. వాటి పక్కనే ఇంగ్లిష్‌వి పేర్చాం. ఎనాయ్డ్ మామూలు చిరాకు, కాసేపట్లో పోయేది. ఇరిటేటెడ్ అంటే లోపల రాపిడి మొదలైంది, ఓపిక తగ్గుతోంది. ఎగ్జాస్పరేటెడ్ అంటే చెప్పి చెప్పి విసిగి వేసారడం, మన యాష్టకచ్చుడు. లాటిన్‌లో గరుకు అనే అర్థమున్న ఆస్పెర్ నుంచి వచ్చింది ఆ మాట. ఇన్ఫ్యూరియేటెడ్ అంటే ఒళ్ళు మండిపోవడం. ఫ్రస్ట్రేటెడ్‌ను ఈ వరుసలో పెట్టనివ్వలేదు. అందులో కోపం కంటే, చెయ్యాలనుకున్న పని ముందుకు పోనివ్వని అడ్డం ముఖ్యం. రీఫండ్ కోసం ఫోన్ చేసి చేసి అలిసిన కస్టమర్‌ది తరచుగా అదే.

గ్రామర్ సరైనా తప్పుగానే ఉన్న జవాబు

ఇప్పుడు మళ్ళీ ఆ పరీక్ష జవాబు రాయమన్నాను. "ఐ అండర్‌స్టాండ్ యూ ఆర్ వెరీ ఇరిటేటెడ్" అని రాసింది. ఈడీ వచ్చింది, వ్యాకరణం కుదిరింది. ఇది కూడా పంపకూడని వాక్యమే.

తెలుగులో పెట్టి చూడండి. కౌంటరు దగ్గర గొంతు పెంచిన మనిషితో "మీరు బాగా చిరాకులో ఉన్నట్టున్నారు" అంటే ఆయన ఇంకాస్త మండిపడతాడు. తప్పు పార్సిల్‌ది, చర్చ ఆయన మూడ్ గురించి అయిపోయింది. ఉద్యోగి నోట కస్టమర్‌కు ఈడీ విశేషణం తగిలిస్తే వినడానికి నింద లాగే ఉంటుంది. ఇరిటేటెడ్ అయితే మరీను. ఓపిక లేని మనిషివి అన్న ఛాయ దానికి ఉంది.

కస్టమర్ సపోర్ట్‌లో బాగా రాసేవాళ్ళు విశేషణాన్ని మనిషి మీద నుంచి తీసి విషయం మీద పెడతారు. "ఐ కెన్ సీ హౌ ఎనాయింగ్ దిస్ డిలే మస్ట్ బీ." ఆలస్యం చిరాకు పెట్టేది, కస్టమర్ మామూలు మనిషే అన్న ధ్వని ఇందులో ఉంది. ఆమెను మొదట్లో ముంచిన ఐఎన్‌జీయే ఇప్పుడు మర్యాద అయింది, సరైన నామవాచకం పక్కన నిలబడ్డందుకు. మాట కొంచెం పెద్దరికంగా ఉండాలంటే ఎనాయింగ్ బదులు ఫ్రస్ట్రేటింగ్ వాడమంటాను. కంపెనీ తప్పు ఉన్నప్పుడు కంపెనీ నోటి నుంచి ఎనాయింగ్ అంటే సంగతిని తేలిక చేసినట్టు కొందరికి అనిపించవచ్చు.

ఆమె చివరికి రాసిన జవాబు ఇది: "ఐ యామ్ సారీ యువర్ పార్సిల్ వెంట్ టు ద రాంగ్ అడ్రస్. వెయిటింగ్ ఫర్ ద రీఫండ్ ఆన్ టాప్ ఆఫ్ దట్ మస్ట్ బీ ఫ్రస్ట్రేటింగ్. ఐ హావ్ రెయిజ్డ్ ఇట్ విత్ అవర్ పేమెంట్స్ టీమ్." కస్టమర్ మనసు గురించి నేరుగా ఒక్క మాట లేదు. ఆయనకు కావాల్సిన సానుభూతి మాత్రం నిండుగా ఉంది. ఆ కాగితం నా దగ్గర దాచుకున్నాను, కొత్త బ్యాచులకు చూపిస్తుంటాను.

ఫలితం, మిగిలినవి

తర్వాత ఇంకో కంపెనీలో రాత పరీక్ష దాటింది. ఇప్పుడు ఈమెయిల్ సపోర్ట్‌లో పనిచేస్తోంది. రాతలో ఈ తప్పు మళ్ళీ కనబడలేదు. మాటలో, ముఖ్యంగా తొందరలో, "ఐ యామ్ బోరింగ్" ఇంకా అప్పుడప్పుడు జారుతుంది. అన్న వెంటనే తనే ఆగి దిద్దుకుంటుంది. ఇంట్లో రోజూ పలికే "బోరింగ్‌గా ఉన్నది" ఎక్కడికీ పోదు. పోవాల్సిన పనీ లేదు, అది తెలుగు.

ఈ పద్ధతిని తర్వాత వచ్చిన వాళ్ళ దగ్గర కూడా వాడుతున్నాను. మండిబజార్ వైపు నుంచి వచ్చే ఉర్దూ ఇళ్ళ పిల్లల దగ్గర మాత్రం కొంచెం మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్ళకూ ఇదే తప్పు వస్తుంది, ఎందుకంటే వాళ్ళదీ "ముఝే గుస్సా ఆ రహా హై" నడకే, ముఝే అంటే నాకు. "కు" గుర్తు బదులు "ముఝే, ఉస్కో" పట్టుకోమంటే సరిపోయింది. పడు–పెట్టు జోడీ వాళ్ళకు అంతగా తగల్లేదు. దాని బదులు "పరేషాన్ హోనా, పరేషాన్ కర్నా" అని రాయించాను. హోనా అంటే అవ్వడం, ఆ వైపు ఈడీ. కర్నా అంటే చెయ్యడం, ఆ వైపు ఐఎన్‌జీ. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చుని ఒకరు తెలుగులో, ఇంకొకరు ఉర్దూలో పేజీలు నింపి, ఒకరి గీత ఇంకొకరి గీతతో పోల్చుకుంటున్నారు. తెలుగు పేజీలో కుదిరి ఉర్దూ పేజీలో కుదరని మాటలు కొన్ని బయటపడుతున్నాయి. ఇప్పుడు వాటినే ఒక్కొక్కటిగా రాసిపెట్టుకుంటున్నాం.